పిట్టగోడ అవతల

పోయిన వారం అర్చనను నంద్యాల బస్టాండులో వదిలిపెట్టాం. బస్సు దిగి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోనులో ఛార్జింగు ఉందో లేదో చూసుకుని, గాంధీ చౌక్ వైపు ఆటో ఎక్కిందాకా మనకు తెలుసు.

ఎందుకొచ్చిందో కూడా తెలుసు. నంద్యాలలో ఒక ఆడపిల్లల హాస్టలుకు ఆమె వార్డెన్. భర్త పోయినాక ఆ హాస్టలే ఆమెకు ఇల్లు. ఒక సాయంత్రం మిద్దె మీద సాత్విక అనే ఇంటర్ పిల్లను చెంప పగిలేటట్టు కొట్టింది. ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో దాన్ని ఫోనులో తీశారు. పట్టుమని పది సెకన్లు కూడా లేని ఆ వీడియో చీకటి పడేలోపల ఊరంతా తిరిగింది. 'వార్డెనా, రాక్షసా?' అని దానికో పేరు కూడా పెట్టారు. ఉద్యోగం పోయి, ఆళ్లగడ్డలో పుట్టింటికి చేరింది. ఆ వారంలోనే ఆళ్లగడ్డలో టీ కొట్టు దగ్గర ఎవడో ఆ వీడియో తీసి, "మీ బిడ్డేనంట గదా పెద్దాయనా" అని ఆమె తండ్రి శేషయ్య కళ్ళ ముందర పెట్టాడు. శేషయ్య బల్ల మీంచి లేవబోయి పడిపోయాడు. కుడి చెయ్యీ, మాటా ఆ రోజే పోయాయి.

ఆ బాల్కనీ బట్టల వ్యాపారి మాధవయ్యది. అందులో ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని నిలబడేది ఆయన కోడలు భార్గవి. ఇంకెవరు తీస్తారు? ఇంకెవరు ఊరికి పంచుతారు? తండ్రి కోసం మొక్కు చెల్లించడానికి తల్లి ఆదిలక్ష్మమ్మతో యాగంటికి పోయినప్పుడు, గుహ మెట్ల పక్కన అదే భార్గవి కనపడింది. మొగుడు తరుణ్ పక్కన లేడు. ఎవడో గుండు చేయించుకున్న కుర్రాడి భుజం మీద తల ఆనించి, వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఉంది. అర్చన ఫోను తీసింది.

ఇప్పుడా వీడియోతోనే మాధవయ్య కొట్టు మెట్లు ఎక్కుతోంది.

మధ్యాహ్నం అన్నాల వేళ. కింద కౌంటరు దగ్గర ఎవరూ లేరు. పై అంతస్తులో తెల్లటి పరుపుల మీద చీరలు గుట్టలుగా పడి ఉన్నాయి. గుండ్రటి లైటు మధ్యలో ఫోను బిగించి, దాని ఎదురుగా భార్గవి ఒక చీర కొంగు పరిచి పట్టుకుని గుక్క తిప్పకుండా మాట్లాడుతోంది.

"అక్కలూ, ఈ రంగు చూడండి. అచ్చం నేరేడు పండు. కెమెరాలో కొంచెం నల్లగా పడతాంది గానీ ఎదురుగా చూస్తే మీరు వదల్రు. నచ్చినోళ్ళు ఫోటో తీసి కింద నంబరుకు పెట్టండి. ప్రొద్దుటూరు లక్ష్మక్కా, బాగుండావా? కర్నూలు నుంచి ఎవరో బ్లౌజు పీసు ఉందా అని అడుగుతాండారు. ఉందక్కా, చూపిస్తా ఉండు."

చీరలు మడతపెట్టే బాలమ్మ తలెత్తి, "ఏం చూపియ్యాల్నమ్మా?" అంది.

"ఆమెను కానీలే. నాకు ఆమెతోనే పని" అంది అర్చన.

పరుపు అంచున కూచుంది. బస్సులో వస్తూ వస్తూ ఇదే లైవ్ తన ఫోనులో చూసింది. ఎంతమంది చూస్తున్నారో పైన అంకె కనపడుతూనే ఉంది. ఆ అంకె పెరిగిన కొద్దీ ఆమెకు కడుపులో చల్లగా అనిపించింది. అరవాల్సిన పని లేదు, తిట్టాల్సిన పని లేదు. లేచిపోయి తన ఫోనును ఆ గుండ్రటి లైటు ముందర పెడితే చాలు. ఎన్ని ఊళ్ళ ఆడవాళ్ళు చీరల కోసం కళ్ళప్పగించి చూస్తున్నారో అందరూ దాన్ని చూస్తారు. మిగతా పని వాళ్ళే చేస్తారు.

లేచింది.

లైటు వెలుగు కళ్ళలో పడి ముఖం సరిగా ఆనక, భార్గవి ఆమెను మంచి గిరాకీ అనుకుంది. "ఇదో, మన కొట్టుకు వచ్చిన అక్కనే అడుగుదాం. రాండక్కా, ఇట్ల వెలుగులోకి రాండి" అని చెయ్యి పట్టి లాగి, నేరేడు రంగు చీరను అర్చన భుజం మీద పరిచేసింది. "చూసినారా? చామనఛాయకు ఎంత ఒప్పిందో!"

అర్చన బిగుసుకుపోయి నిలబడింది. ఎదురుగా ఉన్న ఫోనులో తన ముఖం తనకే కనపడుతోంది. ఆ ముఖం కింద అక్షరాలు పైకి పాకడం మొదలుపెట్టాయి.

'ఈమె ఆ హాస్టల్ వార్డెన్ గదా?'

'ఆడపిల్లను కొట్టినామె. అదే మొగం.'

'ఇట్లాంటోళ్ళకు చీరలు అమ్ముతారా మీరు?'

భార్గవి అలవాటు కొద్దీ వాటిని పైకి చదవబోయి సగంలో ఆగింది. తిరిగి చూసింది. అప్పుడు గుర్తుపట్టింది. అర్చన అప్పటికే తన ఫోను ఎత్తి, ముందుగా ఆమె కళ్ళ ముందర పెట్టింది. ఆ ముఖం ఎట్లా మారుతుందో చూడాలన్న ఆశ ఒక్కటే ఆమెను ఆపింది. లేకుంటే నేరుగా లైటు ముందరే పెట్టేది.

ఆ ముఖం మారింది. చెయ్యి చాచి భార్గవి లైవ్ కట్టేసింది.

"ఆపినావెందుకు?" అంది అర్చన. "నా బతుకును ఊరంతా చూసింది గదా. నీది చూస్తే ఏం పోతాది?"

"బాలమ్మా, నువ్వు కిందికి పో. పిలిస్తేనే రా."

బాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి దిగిపోయింది.

"మీకేం కావాలక్కా?"

"అక్కా అనొద్దు నన్ను. నాకేం వద్దు. నాకు జరిగిందే నీకు జరగాల, అంతే. సాయంత్రానికి నంద్యాలలో ప్రతి ఫోన్లో నీ మొగం ఉండాల. మీ మామ టీ తాగేకాడ ఎవడో ఒకడు ఆయన ముందర పెట్టాల. మా నాయన ఎట్ల పడినాడో..." ఏడవగూడదని ఇంట్లో అనుకునే బయలుదేరింది. కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ అంది. "నా వీడియోకు ఎవురో పేరు పెట్టినారే, దీనికి నేను పెట్టినా. 'కొట్లో పట్టుచీరలు, గుడి చాటున సరసాలు.' బాగుందా?"

భార్గవికి భయం పోయి కోపం వచ్చింది. "సరసాలా? మీరు దీన్ని సౌండు పెట్టి చూసినారా ఎప్పుడైనా?"

అర్చన చూడలేదు. అమ్మ పక్కనే ఉంటుందని, తను పడుకునేది నాయన మంచం పక్కనే అని, ఎన్నిసార్లు చూసినా సౌండు కట్టేసే చూసింది. మాటలు ఎందుకు, కళ్ళకు కనపడుతుంటే!

"పెట్టండి సౌండు. పెట్టండి, ఇంటాను నేను గూడా."

అర్చన పంతానికి పోయి పెంచింది. యాత్రికుల రొద, కోతిని అదిలిస్తున్న ఎవరిదో కేక. ఆ రొదలోంచి, కుర్రాడి గొంతు సన్నగా, విరిగిపోయి వినపడింది.

"ఆఖర్న నన్ను అడిగిందా అక్కా?"

"అడిగిందిరా. నీ పేరే."

వీడియో అయిపోయింది.

అర్చన వేలు దానంతట అదే పోయి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. అడిగిందా అక్కా. ఆ మాట ఇన్ని రోజులూ తన సంచిలోనే, తన తల కిందనే ఉంది.

భార్గవి చీరల గుట్ట మీద కూలబడింది. "భరణి. నా తమ్ముడు. జెస్సికా అని వేరే మతం పిల్లను చేసుకున్నాడని కోయిలకుంట్లలో మావోళ్ళు వాకిలి తొక్కనీలేదు. మా మామ గూడా అదే మాట. వాడితో మాట్లాడినావని తెలిస్తే ఈ గడప ఎక్కద్దన్నాడు. పోయిన నెల మాయమ్మ సచ్చిపాయ. పాడె పట్టుకుంటానని వాడు వీధిలో నిలబడి ఏడ్సినాడు. పట్టుకోనీలే. మా చిన్నాయన పట్టుకున్నాడు. వాడు ఒక్కడే యాగంటికి పోయి గుండు చేపించుకున్నాడు. నేను మొక్కని అబద్ధం చెప్పి పోయినా. మీరు చూసిన సరసం అది."

కుర్రాడి గుండును అర్చన చూడకపోలేదు. గుడికొచ్చిన వాళ్ళలో ఎవరికి ఉండదు గుండు అనుకుంది.

కానీ ఇన్నాళ్ళ మంట ఒక్క మాటకు ఆరేది కాదు. జాలి పుట్టబోతోందని తెలిసేసరికి ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

"సరే. నీ తమ్ముడే. నీకు నీ తమ్ముడని చెప్పుకునే దారుంది. నాకెవురిచ్చినారు ఆ దారి? నన్నొకసారి పిలిచి అడిగినావా? ఎందుకు కొట్టినావని అడిగినావా?"

"నేను చూసింది నేను చూసినా. మీరు కొట్టింది అబద్ధమా?"

"కొట్టినా. నువ్వు బాల్కనీలోకి వచ్చేదానికి ముందర ఏం జరిగిందో చూసినావా?"

భార్గవి తల అడ్డంగా ఊపింది.

అర్చన ఇప్పటిదాకా తల్లితో కూడా చెప్పని మాట. సాత్విక తన కాళ్ళు పట్టుకుని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న మాట. పేరు పలకకుండా చెప్పింది.

"ఆ పిల్ల పిట్టగోడ అవతలికి కాళ్ళు యాలాడేసుకుని కూచోనుండె. కింద సిమెంటు నేల. నేను చెప్పులిడిసి, సప్పుడు కాకుండా పోయి, జడ పట్టుకుని యెనక్కి లాగినా. ఇద్దరం మిద్దె మీద పడినాం. నా మోచెయ్యి చీరుకుపాయ. లేచి నిలబడినాక ఒళ్ళంతా వణుకు నాకు. ఆ వణుకులో కొట్టినా. కొట్టి, కరుచుకుని ఏడ్సినా. నీకు కొట్టిందే దొరికింది. ముందరిదీ లేదు, యెనకదీ లేదు."

"నేను బయటికి వచ్చేటప్పటికే..." భార్గవి గొంతు దిగిపోయింది. "కొట్టినాక నేను ఫోను దించేసినా. లోపలికి పోయినా. దేవుడా. నాకు తెల్దక్కా."

"తెల్దు. ఎవురికీ తెల్దు. తెల్దని ఎవురైనా నోరు మూసుకున్నారా? ఒకాయన నన్ను ఉరి తియ్యాలన్నాడు. ఇంకొకామె పిల్లల్లేని గొడ్డుదానికి పిల్లల విలువేం తెలుస్తాదని రాసింది. నాకు పిల్లల్లేక కాదు, పుట్టి పోయింది ఒకటి. అది గూడా ఆమెకు తెల్దు." అర్చన ఫోను తడిమింది. ఒక ఆలోచన చల్లగా, పాములాగా లేచింది. "తమ్ముడని తెలిసినాక ఈ వీడియో ఇంకా పదునెక్కింది భార్గవీ. మీ మామకు ఇది చూపిస్తే చాలు. ఊరిదాకా గూడా అక్కరలేదు."

భార్గవి తలెత్తింది. బతిమాలుతుందని అర్చన అనుకుంది. బతిమాలలేదు. "చూపియ్యండి. మా మామకు అది సరసం కంటే పెద్ద తప్పు. మీకు నిద్ర పడుతుందంటే చూపియ్యండి."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

మాధవయ్య ఆయాసపడుతూ పైకి వచ్చాడు. తెల్లటి చొక్కా, నుదుట కుంకుమ. లైవ్‌లో ఆ వార్డెన్ కనపడిందని ఎవరో ఫోను చేసి ఉంటారు, అన్నం దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది. తడి చెయ్యి ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఏమ్మా, ఊరిడిసి పోయినావనుకుంటిమి. మళ్ళా నా కొట్లో నీకేం పని?"

"మామయ్యా, ఆమె..."

"నువ్వుండమ్మా." అర్చన వైపు తిరిగాడు. "ఆడపిల్లలను గొడ్డును బాదినట్టు బాదేదానివి, నిన్ను కెమెరాలో చూపిస్తే నా కొట్టుకు ఎవురు వస్తారు? నీ మాదిరోళ్ళను నేను మొగం చూస్తేనే చెప్తా. కొందరి రాత మొగంలోనే ఉంటాది. కన్నతండ్రిని మంచాన పడేసినావు, ఇంకా సిగ్గు రాలే?"

ఆ చివరి మాట ఆమెను ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఫోను చేతిలోనే ఉంది. వీడియో తెరిచే ఉంది. ముఖం చూసి చెప్పే ఈ పెద్దమనిషికి ఆయన ఇంట్లోనే, ఆయన ముందర రోజూ తిరిగే ముఖంలో ఏముందో చూపించొచ్చు. ఆ కుంకుమబొట్టు కింద నరాలు ఎట్లా బిగుస్తాయో చూడొచ్చు. నాయన పడినట్టే ఈయనా పడితే? పడనీ. నాయనకు ఎవరు అడ్డం వచ్చారు?

"పెద్దాయనా" అంది అర్చన. తన గొంతు తనకే కొత్తగా, మెత్తగా వినపడింది. "మీకొకటి చూపియ్యాల."

భార్గవి కళ్ళు మూసుకుంది.

అర్చన ఫోను సగం ఎత్తింది. తెర మీద భరణి గుండు, వాడి భుజం మీద అక్క తల. బొటనవేలు కింద పెడితే వాడి గొంతు వినపడుతుంది. వాణ్ణి గడప తొక్కనియ్యని వాళ్ళలో ఈయన ఒకడు. ఈయనకు బుద్ధి చెప్పడానికి మళ్ళీ ఆ పిల్లాణ్ణే వీధిలో నిలబెట్టాలి. వాడు తనకేం చేశాడు?

చెయ్యి దించింది. భుజం మీంచి ఇంకా వేలాడుతున్న నేరేడు రంగు చీరను తీసి, అట్లాగే పరుపు మీద పెట్టింది.

"ఈ చీర మాయమ్మకు బాగుంటాదేమో అడుగుదామని వచ్చినా. వద్దులే."

"నీ బేరం మాకు అక్కరలే" అన్నాడు మాధవయ్య.

అర్చన మెట్లు దిగింది. గెలిచినట్టు లేదు, ఓడినట్టూ లేదు. నోటికందిన ముద్ద కింద పడేసుకున్నట్టు మాత్రం ఉంది.

సందు మలుపులో వెనక నుంచి ఎవరో పరుగెత్తి వస్తున్న చప్పుడు విని ఆగింది. భార్గవి. చెప్పులు కూడా వేసుకోలేదు, ఎండకు కాళ్ళు మార్చి మార్చి పెడుతోంది.

"నీడలోకి రా" అంది అర్చన. మూసి ఉన్న మందుల కొట్టు రేకు కిందికి ఇద్దరూ జరిగారు. అర్చన ఫోను తీసి, ఆమె చూస్తుండగా ఆ వీడియోను చెరిపేసింది. "నిన్ను మన్నించి కాదు. ఆ పిల్లోని కోసం. మనిద్దరి లెక్క మనకుండాది."

"లెక్క నాతో కాదక్కా" అంది భార్గవి. రొప్పు ఇంకా తగ్గలేదు. "చెప్పనని మాటిచ్చినా. గానీ మీరు పైన చెయ్యి దించినాక నేను నోరు మూసుకుని ఉండలేను. ఆ వీడియో తీసింది నేనే. ఏ గ్రూపులోనూ పెట్టలే. ఒక్కరికే పంపినా."

"ఎవురికి?"

"ఊరికెందుకు, ఇంట్లోవాళ్ళకు చెప్తే చాలనుకున్నా. మా మామ అమ్మవారి విగ్రహం చెక్కిస్తాండాడు గదా ఆళ్లగడ్డలో. ఆ చెక్కే ఆయన నంబరు నాకాడ ఉండె. 'అన్నా, మీ అక్క పిల్లలను ఇట్ల కొడతాంది, మీరొకసారి చెప్పండి' అని రాసి పంపినా. చీకటి పడేటప్పటికి ఊరంతా తిరిగింది. నేను భయపడి ఫోను చేస్తే, 'నేనే పెట్టినా, ఎవురికీ చెప్పొద్దమ్మా' అని ఒట్టేపించుకున్నాడు."

అర్చనకు వినపడింది. అర్థమైంది. అయినా అడిగింది. "ఎవురు?"

"మీ తమ్ముడు. రాజశేఖరన్న."

ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. శిరివెళ్ళ దాటింది, శనగ కోసేసిన నల్ల చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి, అర్చనకు ఏదీ కనపడలేదు.

శేఖర్. ఆమె చంక దిగకుండా పెరిగినవాడు. ఆదివారం వస్తే ఇంటి నుంచి పెరుగు క్యాను బండికి కట్టుకుని హాస్టలుకు తెచ్చేవాడు. పిల్లలంతా 'శేఖరన్నా' అని గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నాయన పడిపోయిన రోజు నుంచి ఆయన ఒళ్ళు తుడిచేదీ, ముద్ద పెట్టేదీ వాడే. ఆ సేవ చూసి ఊరంతా కొడుకంటే వాడే అంది. ఎందుకు చేయడు? నాయనను పడేసింది వాడే అయినప్పుడు!

నాయన పొలంలో అక్కకు వాటా ఇస్తానన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు శేఖర్ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇప్పుడు పెద్దగా కనపడింది. వాడి పెళ్ళికి తను రాలేకపోయింది, దాని మీద వాడు అలిగింది గుర్తొచ్చింది. ఒక్కొక్కటీ వచ్చి ఒకదాని మీద ఒకటి కూచుంది. బస్సు గుంతలో పడి లేచేసరికి వాడు దొంగ, తండ్రిని చంపబోయినవాడు, అక్క బతుకును బజారున పెట్టినవాడు. ఇంటికి పోయి, నలుగురి ముందర, వాడి దగ్గర పనిచేసే వాళ్ళ ముందర, చెప్పు తీసుకుని...

అక్కడ ఆగింది.

పొద్దున ఇదే దారిలో, ఇట్లాగే కిటికీ పక్కన కూచుని భార్గవి మీద కూడా ఇట్లాగే ఒక్కొక్క రాయి పేర్చింది. అది కూడా ఇంత గట్టిగానే ఉండింది. ఎక్కడా సందు లేదు. ఒక్క మాట వినపడేసరికి మొత్తం కూలిపోయింది.

వాణ్ణి కొట్టాలంటే కొట్టొచ్చు. యాడికీ పోడు. ముందు అడుగుదాం. అడిగి, వాడు చెప్పేది చివరిదాకా విందాం. కష్టమే. ఎంత కష్టమో తనకే తెలుసు, పళ్ళ మధ్యన నాలుక నొక్కి పట్టుకుని కూచుంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన, శేఖర్ విగ్రహాలు చెక్కే రేకుల షెడ్డు. లోపల కోత మిషను రంపం అరుపు, గాలంతా రాతి పొడి. సగం లేచిన నంది, చేతులు ఇంకా రాని వినాయకుడు, గోనె పట్టా కప్పిన అమ్మవారు. శేఖర్ తలకు తువ్వాలు చుట్టుకుని, కనుబొమల దాకా తెల్లగా, ఒక పీఠం అంచు కోస్తున్నాడు. అక్కను చూసి నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మిషను ఆపాడు.

"ఓబయ్యా, పోయి అందరూ టీ తాగి రాపోండప్పా" అన్నాడు పనివాళ్ళతో. వాళ్ళు రోడ్డు దాటి పోయారు.

"భార్గవి కాడికి పోయొచ్చినా" అంది అర్చన.

శేఖర్ తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. తుడిచినంత మేర నల్లటి చర్మం బయటపడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆమె నీకు పంపింది. నువ్వే ఊరికి పెట్టినావు. ఔనా, కాదా?"

"ఔనక్కా. నేనే."

కాదంటాడని ఎక్కడో చిన్న ఆశ ఉన్నట్టుంది, అది పోయింది. అర్చన పీఠం అంచు పట్టుకుంది. రాయి ఇంకా వేడిగా ఉంది. నోటి దాకా వచ్చిన మాటలను ఒక్కొక్కటే లోపలికి తోసింది. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి.

"ఎందుకు?" అంది.

శేఖర్ ఆమె వైపు వింతగా చూశాడు. "కొడతావనుకుంటి."

"చెప్పినాక కొడతా. ముందర చెప్పు. ఇంటా."

"నన్నడగద్దక్కా. నాకు నోరు రాదు. నాయన పడినాక ప్రతి పొద్దూ చెప్పాలనే లేస్తా, నీ మొగం చూసి మింగేస్తా." ఇంటి వైపు చెయ్యి చూపాడు. షెడ్డు వెనకనే ఇల్లు. "లోపల ఉండాది. పొద్దున నువ్వు బస్సెక్కినాక వచ్చింది. నువ్వు వచ్చేదాకా కదలనంటాంది."

"ఎవురు?"

శేఖర్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. అర్చన చెప్పులు విడిచి గడప దాటింది.

నాయనను మంచం మీద దిండుకు ఆనించి కూచోబెట్టి ఉన్నారు. ఆయన పక్కన ఒక పిల్ల, కంచం ఒళ్ళో పెట్టుకుని, గంజి స్పూనుతో కొంచెం కొంచెం పెడుతోంది. కారినప్పుడల్లా తన చున్నీ అంచుతోనే గడ్డం తుడుస్తోంది. శేషయ్య ఎడమ చెయ్యి ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది. వంటింటి గడపలో ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

అడుగుల చప్పుడుకు ఆ పిల్ల తిరిగింది. చిక్కిపోయింది, జడ కత్తిరించేసుకుంది. అయినా అర్చన గుర్తుపట్టింది.

"సాత్వికా!"

పిల్ల కంచం కింద పెట్టి లేచింది. దగ్గరికి వస్తుందనుకుంటే రాలేదు. గోడకు వీపు ఆనించి నిలబడింది, దెబ్బకు సిద్ధపడినట్టు.

"మేడం, శేఖరన్నను ఏమీ అనొద్దు" అంది. "ఆ పొద్దు వీడియో చూసి అన్న హాస్టలుకు ఫోన్ చేసినప్పుడు ఎత్తింది నేను. ఆ వీడియో ఊరంతా పెట్టమని చెప్పింది నేనే, మిమ్మల్ని అక్కణ్ణించి బయటికి పంపెయ్యాలనే. మీరు ఇంకొక్క రాత్రి ఆ హాస్టల్లో ఉండి ఉంటే, వాళ్ళు మిమ్మల్ని..."

బయట రోడ్డు మీద ఒక కారు వచ్చి ఆగింది. ఆ చప్పుడుకే పిల్ల ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.